తలుపు లేని గది

ఇంటి ప్లాన్ చూడటంలో నన్ను మించినవాడు లేడు. కాగితం ఇలా చేతిలో పెడితే చాలు, ఏ గదిలో గాలి ఆడుతుందో, ఏ మూల అత్తాకోడళ్ళు మాటా మాటా అనుకుంటారో చెప్పేస్తాను. అందుకే మేం కట్టబోయే ఇంటి ప్లాన్ ముందు నాకే చూపించారు. బ్రహ్మాండం, వంక పెట్టడానికే లేదన్నాను.

గీసింది ఒక అమ్మాయి. కొత్తగా ఆఫీసు పెట్టుకుంది, మాదే తొలి ఇల్లు. నేను ప్లానమ్మాయి అనేవాణ్ణి. ఆమె వచ్చినప్పుడల్లా పెళ్ళీడుకొచ్చిన మా మనవడు తన గది తలుపు గురించి పేచీ మొదలుపెట్టేవాడు. హాలు వైపు వద్దు, వరండా వైపు పెట్టమనేవాడు. అటు పెడితే ఎండ అనేవాడు. ఆమె పెదవి కొరుక్కుంటూ తలుపు చెరిపేసి, మార్చి తెస్తానని వెళ్ళేది. తన పని వీడికి నచ్చడం లేదని ఆమె దిగులు. నచ్చిందంటే ఇక రాదేమోనని వీడి దిగులు.

చివరికి మా అబ్బాయి, అంటే వీడి తండ్రి, విసిగిపోయాడు. కాగితాలు చాలు, స్థలంలోనే గీసి చూపించమన్నాడు. ఈసారీ కుదరకపోతే ఇంకొకరిని చూసుకుంటానన్నాడు. తొలి ఇల్లే చేజారితే రెండోది ఎవరిస్తారు? ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు. మా మనవడికి అన్నం సహించలేదు.

ఖాళీ స్థలంలో సున్నప్పొడితో గోడలన్నీ గీసింది. తలుపు ఉన్నచోట గీత ఆగుతుంది. మావాళ్ళకో పిచ్చి ఉంది, ఆటైనా నిజంగానే ఆడతారు. గీత దాటితే గోడకు గుద్దుకున్నట్టే. మా కోడలు వంటింట్లో చేతులు చాపి, పొయ్యి దగ్గర్నుంచి సింకు అందుతుందని తేల్చింది. మా అబ్బాయి హాలంతా అడుగులతో కొలిచాడు. ప్లానమ్మాయి చేతిలో పెన్సిలు మొన ఎప్పుడో విరిగిపోయింది.

గీసేటప్పుడు టేపు కొస పట్టుకుని సాయం చేసిన మా మనవడు తన గదిలోనే ఉండిపోయాడు. బయటికి రారా అంటే నాలుగు మూలలూ తిరిగాడు. గీత ఎక్కడా ఆగలేదు. చెరిపీ చెరిపీ, చివరికి తలుపు పెట్టడమే మరిచిపోయింది పాపం.

చివరిసారి మార్చి తెచ్చిన ఆ ప్లాన్‌నీ నేను బ్రహ్మాండమనే అన్నాను. దాన్ని తలకిందులుగా పట్టుకుని చూశానని మా కోడలు తర్వాత చెప్పింది.

"గదికి తలుపే లేదు. ఇంక చూడ్డానికేముందమ్మా?" అన్నాడు మా అబ్బాయి.

"తప్పు నాదేనండీ. మొన్న చెరిపి..." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తల దించుకుంది.

"తప్పు నాది నాన్నా. అన్నిసార్లు మార్పించింది నేనే," అన్నాడు మనవడు గోడల మధ్య నుంచి.

"ఎందుకురా?"

వాడు నేల చూశాడు, ఆకాశం చూశాడు. ఆమెను మాత్రం చూడలేకపోయాడు.

"తలుపు కుదిరిపోతే ఈమె రాదు కదా."

ప్లానమ్మాయి తలెత్తింది. కళ్ళలో నీళ్ళు అలాగే ఉన్నాయి, పెదవి మీదికి మాత్రం నవ్వొచ్చేసింది.

"ఈ మాటేదో మొదటే చెప్పుంటే ఇన్ని రాత్రులు నిద్ర పోగొట్టుకునేదాన్ని కాదుగా," అంది.

చెప్పు అంచుతో గీత చెరిపి దారి చేసింది. వాడు బయటికి రాలేదు. ఆమే లోపలికి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే వాన. ఒక్కో చినుకూ గుప్పెడంత. చూస్తుండగానే గోడలన్నీ కొట్టుకుపోయాయి. మా అబ్బాయి ఆ తెల్లటి బురద కేసీ, తడుస్తూ కదలని ఆ ఇద్దరి కేసీ చూశాడు. మా కోడలు మోచేత్తో పొడిచింది.

"రేపు మళ్ళీ వచ్చి గీయమ్మా," అన్నాడు. "మీ నాన్నగారినీ తీసుకురా. తలుపు ఎటు పెట్టాలో నువ్వూ మావాడూ తేల్చుకోండి."

అంతా నిజమే, ఆ వాన తప్ప. ఆరోజు ఎండ మండిపోతోంది. గీతలు చెరిగితేనే కదా ఆ పిల్ల మళ్ళీ వచ్చేది? అందరూ ఆ గది కేసి చూస్తున్నప్పుడు, కాళ్ళీడ్చుకుంటూ ఇల్లంతా తిరిగింది నేనే. చెప్పులకంటిన సున్నం ఇంకా వదల్లేదు.