గాజుతొట్టెలో ఆయన

తాళాల మేస్త్రి అంటే అలాంటిలాంటి మేస్త్రి కాదు. మొండి ఇనప్పెట్టెలు అతని దగ్గు వినగానే నోళ్లు తెరిచేవి. గజదొంగలు కూడా అతని వీధిలోంచి వెళ్లాలంటే చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవాళ్లు. అంతటి మొనగాడు సొంత ఇంట్లో కప్పల ముందు లోకువైపోయాడు!

హాలు మూల బల్లమీద గాజుతొట్టెలో పెళ్లాం పెంచుకునే నీటికప్పలవి. ఒడ్డెక్కని రకం. బొటనవేలంత ఉంటాయి. వాటికి చూపు ఆనదు. ఆవిడ వేలి చివర ఎర్రపురుగు పెట్టి నీళ్లలో ఆడిస్తే, వాసన పట్టి ఈదుకొచ్చి, వేలిని కావలించుకుని తినేవి. సాయంత్రమైతే మగకప్ప జోడీ కోసం కూనిరాగం తీసేది, ఎక్కడో కుట్టుమిషను తిరుగుతున్నట్టు. అది వింటూ ఆవిడ తనలో తను నవ్వుకునేది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ నవ్వు మేస్త్రి వైపు ఒక్కసారీ తిరగలేదు.

"మగాడికి సవతి పోరు నీ ఇంట్లోనే చూశాను బావా!" అంది మరదలు, ఆ మధ్యాహ్నం వచ్చి.

"నోర్ముయ్యవే!" అని నవ్వాడు గానీ, తొట్టె వైపు కొరకొరా చూశాడు.

"ఏవండీ, ఎండలో పెట్టిన బకెట్ ముట్టుకోకండి. నీళ్లలో బ్లీచింగ్ వాసన పోవాలి. కుళాయి నీళ్లు తిన్నగా పోస్తే పాపం చచ్చిపోతాయి" అని చెప్పి, ఆవిడ చెల్లెలితో బజారుకెళ్లింది.

అదే ఆవిడ చేసిన పొరపాటు. ఎలా చంపాలో చెప్పి మరీ వెళ్లింది.

మేస్త్రి తొట్టెలో నీళ్లు తోడేశాడు. కుళాయి గొట్టం తెచ్చి నిండా పట్టాడు. కప్పలు గాలి కోసం పైకొచ్చాయి. మళ్లీ వచ్చాయి. ఆ తర్వాత రాలేదు. వాటిని పూలకుండీలో పాతిపెట్టి, కోట గెలిచిన రాజులా కుర్చీలో కూర్చున్నాడు. ఇక ఆ నవ్వు తనదే!

పొద్దు వాలింది. గదిలో పచ్చినాచు వాసన. ఆవిడ ఒక్కతే తిరిగొచ్చింది. లైటు వెయ్యలేదు. సంచి దించి తిన్నగా తొట్టె దగ్గరికి నడిచింది.

'మూత తీసుంటే దూకి పోయాయే' అనే అబద్ధం మేస్త్రి నాలుక చివర సిద్ధంగా ఉంది. దాని అవసరం పడలేదు.

కూనిరాగం మొదలైంది...

ఖాళీ తొట్టెలోంచి.

"ఏవండీ..." గుసగుసగా పిలిచింది.

"ఏంటే?"

ఆవిడ తల తిప్పలేదు. నీళ్లలో వేలు ఆడిస్తోంది. "ఆకలేస్తోందా? ఉండండి... పెడతాను."

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?"

"మా ఆయనతో."

"నీ మొగుణ్ణి నేనే! అందులో ఏమీ లేవు. అన్నిటినీ చంపేశాను!"

"తెలుసు. ఇప్పుడు ఆయనకి చోటు కలిసొచ్చింది."

భయం వెనక్కి లాగింది. అసూయ ముందుకి తోసింది. మేస్త్రి చొక్కా చెయ్యి మడిచి, నీళ్లలోకి దూర్చాడు. జానెడు లోతు తొట్టె... మోచెయ్యి దాకా మునిగినా అడుగు తగల్లేదు.

ఇంకేదో తగిలింది.

చల్లగా... అతని వేళ్లని ఒక్కొక్కటే తడిమింది. తాళంచెవికి కొలత తీస్తున్నట్టు. తర్వాత గట్టిగా పట్టుకుంది.

"వదలమనవే..."

ఆవిడ నవ్వింది. నీళ్ల వైపు. బల్ల పక్కన కూర్చుని, చీరకొంగు లాగి, నీళ్లు కారుతున్న మగచేతిని ఒళ్లోకి తీసుకుంది. వేలు వేలూ ప్రేమగా తుడిచింది.

మేస్త్రి చెయ్యి ఇంకా తొట్టెలోనే ఉంది.