రోడ్డుకు ఇవతలి వైపు

కొడుకు తల్లిని చంపాడు. తిండి కోసం చంపాడు. మాంసం కొట్టు పెద్దాయనకు ఇది ఎప్పుడో తేలిపోయిన విషయం. దీని మీద ఆయన ఎవరితోనూ వాదించేవాడు కాదు. ఎవరైనా వాదనకు దిగితే కత్తి కిందపెట్టి ఊరికే చూసేవాడు. అవతలి మనిషి మాంసం తీసుకుని వెళ్లిపోయేవాడు.

జరిగింది ఇంతే. మూడేళ్ల కిందట ఒక పొద్దున పెద్దాయన భార్యకు గుండెలో నొప్పి వచ్చింది. కొడుకు అద్దెకారు నడుపుతాడు. తల్లిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని పట్నం ఆసుపత్రికి బయల్దేరాడు. కొట్టు నిండా జనం. పెద్దాయన సాయంత్రం బస్సుకు వస్తానన్నాడు. ఆ బస్సు రాకముందే ఫోను వచ్చింది.

"గరిటె హోటల్ దగ్గర ఆగాం నాన్నా, తినడానికి. అమ్మ పోయింది."

గరిటె హోటలంటే పెద్దరోడ్డు పొడవునా ఉండే హోటళ్లు. ఎక్కడ చూసినా అదే ఎర్ర గరిటె బోర్డు, అవే ఎర్ర కుర్చీలు, బొమ్మలున్న అదే మెనూ అట్ట. తల్లి కారులో ప్రాణం విడుస్తుంటే అలాంటి చోట కూర్చుని మెక్కినవాణ్ణి ఏమనాలి? శవం ఇంటికి వచ్చిన పూటే పెద్దాయన కొడుకును గుమ్మంలో పట్టుకుని కర్రతో బాదాడు. ముందుపన్ను ఒకటి ఊడి గడప మీద పడింది. కొడుకు చెయ్యి అడ్డం పెట్టలేదు, నోరు విప్పలేదు. తప్పు ఒప్పుకున్నట్టే కదా అనుకున్నాడు పెద్దాయన.

అప్పటినుంచి ఒకే కప్పు కింద ఉంటున్నా తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఏదున్నా కోడలి ద్వారానే.

ఆ రోజు పొద్దున సన్నగా వాన పడుతోంది. కోడలు గ్లాసులో టీ పోస్తోంది. కొడుకు గోడకు ఆనుకుని బూట్లు తొడుక్కుంటున్నాడు.

"మీ డ్రైవరుని అడుగు, నా గొడుగు ఏం చేశాడో," అన్నాడు పెద్దాయన.

"డ్రైవరు మీ కాలికి తగిలేంత దగ్గర్లోనే ఉన్నాడు మామయ్యా. మీరే అడగండి."

"అద్దెకార్ల వాళ్లతో నాకు మాటలేంటి?"

"అయితే తడవండి."

కొడుకు లేచి, తలుపు వెనకనుంచి గొడుగు తీసి, తండ్రి కుర్చీకి తగిలించి బయటికి వెళ్లిపోయాడు. పెద్దాయన గొడుగు ముట్టుకోలేదు. తడుస్తూనే కొట్టుకు పోయాడు.

కొట్టులో మొదటి బేరం పక్క వీధి టైలరుది. పెద్దాయన మేక తొడ మొద్దు మీద వేసి కీళ్ల దగ్గర నరకడం మొదలుపెట్టాడు. టైలరుకు నోరు ఊరుకోదు.

"నిన్న మీవాడి కార్లోనే వచ్చానయ్యా. మా అమ్మని చేత్తో పట్టుకుని దించాడు. బంగారంలాంటి కొడుకు నీకు."

కత్తి ఇంకా పైకి లేచింది. ఎప్పుడూ లేవనంత పైకి లేచి, ఎప్పుడూ పడని చోట పడింది. ఎడమచేతి చిటికెనవేలు సగం తెగి మాంసం ముక్కల్లోకి దొర్లింది. పక్కవేలు ఎముకదాకా చీలింది. టైలరు కెవ్వున అరిచాడు. పెద్దాయన అరవలేదు. గోనెపట్టా చింపి చేతికి చుట్టుకున్నాడు.

"ఇది తీసుకోకు. నా రక్తం కలిసింది," అన్నాడు. "పోయి మా కోడల్ని పిలువు."

కోడలితో పాటు కారు కూడా వచ్చింది. వేరే దారి లేదు. పెద్దాయన వెనక సీట్లో, ఆమె పోయిన సీట్లోనే, కూర్చున్నాడు. పట్నం పోయే దారిలో ఎడమపక్క గరిటె హోటల్ రాగానే అద్దం దించి ఉమ్మాడు. ముందు కూర్చున్నవాడి మెడ మీద కత్తి పెట్టినా బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. కొడుకు అద్దంలోంచి చూసి, చూపు తిప్పుకున్నాడు.

ఆసుపత్రిలో పక్కవేలికి కుట్లు వేశారు. చిటికెనవేలు ఇక అంతే అన్నారు. తిరుగు ప్రయాణంలో పెద్దాయనకు ఒళ్లంతా చెమట్లు పట్టాయి. తల కోడలి భుజం మీదికి వాలిపోయింది.

"ఆపు," అంది కోడలు మొగుడితో. "పొద్దున్నించీ ఏమీ తినలేదు. రక్తం అంత పోయింది. ఏదైనా లోపలికి పోకపోతే పడిపోతారు."

"ఇక్కడొద్దు," అన్నాడు కొడుకు.

"ఇక్కడ కాకపోతే ఎక్కడ? ఊరొచ్చేదాకా ఇంకేముంది? ఆపుతావా, నన్ను దూకమంటావా?"

కారు ఆగింది. పెద్దాయన కళ్లు తెరిచాడు. అద్దానికి అవతల ఎర్ర గరిటె.

మనిషిలోకి సత్తువ ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. తలుపు తన్ని దిగాడు. కుడిచేత్తో కొడుకు చొక్కా పట్టుకుని బయటికి లాగి, కారు తలుపుకేసి తల కొట్టాడు. ఒకసారి కాదు.

"మళ్లీనా? మళ్లీ ఆకలేసిందా నీకు? అప్పుడు అమ్మని మింగావు, ఇప్పుడు నన్ను మింగుతావా?"

కోడలు అడ్డం వచ్చింది. మోచేత్తో నెట్టాడు. ఆమె వెల్లకిలా పడింది. బయట వేసి ఉన్న ఎర్రకుర్చీ ఒకటి ఎత్తి కొడుకు వీపు మీద వేశాడు. రెండో దెబ్బ గురితప్పి హోటల్ తలుపుకు తగిలింది. అద్దం భళ్లున పగిలింది. లోపల తింటున్న వాళ్లు లేచి గోడలకు అతుక్కున్నారు. తండ్రి చేతికట్టు రక్తంతో నానిపోయింది, కొడుకు మొహమంతా రక్తం. ఎవరిది ఎవరి మీద పడిందో చెప్పలేం. కొడుకు ఈసారీ చెయ్యి అడ్డం పెట్టలేదు.

లోపల్నించి ఎర్ర ఆప్రాన్ కట్టుకున్న ఒకావిడ, నడివయసు మనిషి, జగ్గుతో వచ్చి, ఐసుముక్కలతో సహా నీళ్లన్నీ పెద్దాయన మొహాన కొట్టింది.

"ఏం మనిషివయ్యా నువ్వు! ఇది తినే చోటా, చంపుకునే చోటా?"

పెద్దాయన ఆయాసపడుతూ కొడుకు వైపు వేలు చూపించాడు. "చంపింది వాడు. నేను కాదు. గుండెనొప్పితో ఉన్న తల్లిని ఆసుపత్రికి తీసుకుపోతానని చెప్పి, అదిగో, అవతలి వైపున్న మీ హోటల్లోనే కూర్చుని మెక్కాడు. ఆమె పోయింది."

ఆవిడ కొడుకు మొహంలోకి వంగి చూసింది. చేతిలో జగ్గు కిందికి దిగింది.

"ఈ బాబు నాకు తెలుసు," అంది. "అవతలి వైపు కాదు. ఇక్కడే. ఆ మూల బల్ల దగ్గర. పెద్దావిడ తల నా చేతుల్లోనే వాలిపోయింది."

"అబద్ధం. ఇద్దరూ పట్నం పోతున్నారు. పోయేటప్పుడు అవతలిదే వస్తుంది."

"అందుకే చెబుతున్నా. పోయేవాళ్లు అక్కడ ఆగుతారు. వచ్చేవాళ్లు ఇక్కడ ఆగుతారు. మధ్యలో గోడ ఉంది, కనబడట్లేదా? కారు దాటుతుందా?"

పెద్దాయన రోడ్డు వైపు తిరిగాడు. నడుమెత్తు సిమెంటు గోడ కనుచూపు మేర సాగిపోయింది. గోడకు ఇవతల పరిగెత్తే ప్రతి బండీ పట్నాన్ని వెనక వదిలేసి వచ్చేదే. మూడేళ్లుగా అవతలి హోటల్ మీద ఉమ్ముతున్నాడు. రెండూ ఒకేలా ఉంటాయి. ఆమె ఎటు నుంచి వస్తూ పోయిందో ఒక్కసారి కూడా అడగలేదు.

కొడుకు వైపు చూశాడు. మూడేళ్లలో మొదటిసారి నేరుగా అడిగాడు.

"ఆసుపత్రికి వెళ్లారా?"

"వెళ్లాం."

"ఏమన్నారు?"

"వెంటనే కొయ్యాలన్నారు. కోసినా నమ్మకం లేదన్నారు. అమ్మ వద్దంది. కాళ్లు పట్టుకున్నాను నాన్నా. మంచం దిగి తనే నడుచుకుంటూ కారెక్కింది. ఇంటికి పోనివ్వు అంది."

"నాకెందుకు చెప్పలేదురా?"

కొడుకు మోచేత్తో రక్తం తుడుచుకున్నాడు. "ఒట్టు వేయించుకుంది."

"ఏమని?"

"'నేనే వద్దన్నానని తెలిస్తే మీ నాన్నకి నామీద కోపమొస్తుంది. తీర్చుకోడానికి నేను దొరకను. ఆ కోపం లోపలే పెట్టుకుని చస్తాడు. నీమీదైతే ఎదురుగా ఉంటావు. తిడతాడు, కొడతాడు, ఎలాగోలా బతికేస్తాడు' అంది."

కోడలు లేచి వచ్చి మొగుడి భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. "నాకైనా చెప్పొచ్చుగా మొద్దు మనిషీ! నాక్కూడా చెప్పలేదే!" అని, ఆ భుజం మీదే తలపెట్టి ఏడ్చింది.

పెద్దాయన ఏడవలేదు. "ఇక్కడెందుకు ఆగారు?" అన్నాడు.

"బోర్డు చూసి అమ్మే ఆపమంది. బస్సులో పోయేటప్పుడల్లా అడిగేదట కదా."

అడిగేది. 'ఇంట్లో వండుకోడానికి ఏం రోగం?' అనేవాడాయన. అలా వండిన కూరలో ఉప్పు ఎక్కువైతే పళ్లెం గోడకు తగిలేది. ఆమె గోడ తుడిచి, మళ్లీ వడ్డించేది.

"నేను వెళ్లి 'ఏం కావాలమ్మా' అని అడిగాను," అంది ఆప్రాన్ ఆవిడ. "నవ్వింది. 'ఇంకోసారి అడుగు' అంది. ఇంకోసారి అడిగాను. అప్పుడు బొమ్మ మీద వేలు పెట్టింది."

పెద్దాయన గాజుపెంకుల మీదుగా లోపలికి నడిచి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎవరూ ఆపలేదు. పగిలిన తలుపు సంగతి కోడలు ఎవరితోనో మాట్లాడుతోంది. ఆవిడ మెనూ అట్ట తెచ్చి ముందు పెట్టింది. వచ్చిన వాళ్లందరినీ అడిగినట్టే అడిగింది.

"ఏం కావాలి?"

"ఆమె చూపించింది."

పొడుగు గ్లాసులో ఐస్‌క్రీమ్ వచ్చింది, పైన ఒక ఎర్ర పండు. జీవితమంతా మాంసం వండి పెట్టిన మనిషి చివరికి కోరుకుంది ఇదా? కుడిచేత్తో చెంచా పట్టుకుని తిన్నాడు. పళ్లు జివ్వుమన్నాయి. కళ్లల్లోంచి నీళ్లు కారి గడ్డం మీదికి వచ్చాయి. తుడుచుకోకుండా తింటూనే ఉన్నాడు. సగమయ్యాక తలెత్తాడు. కొడుకు ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఆ రోజు నువ్వేం తిన్నావు?"

"ఏమీ తినలేదు."

గ్లాసు వాడి వైపు తోశాడు. "తిను."

కొడుకు కూర్చుని తిన్నాడు. పన్ను లేని సందులోంచి కొంచెం కారింది. పెద్దాయన తన చొక్కా అంచుతో వాడి గడ్డం తుడిచాడు, కసిరినట్టే తుడిచాడు. ఆ సందు వైపు చూసి తల దించుకున్నాడు.

బయటికి వచ్చాక వెనక తలుపు తియ్యలేదు. ముందు సీట్లో, కొడుకు పక్కన కూర్చున్నాడు. కారు కదిలింది. గోడ పక్కనే పరిగెడుతోంది.

"మీ అమ్మని క్షమించనురా," అన్నాడు. "నాకు చెప్పకుండా పోయింది. నిన్ను నాకు అప్పగించి పోయింది."

"నాన్నా..."

"అంతే. ఇకమీదట ఈ మాట నువ్వు ఎత్తొద్దు. నేనూ ఎత్తను. చచ్చేదాకా ఎత్తను."

కుట్లు మానాక కొట్టు తెరిచాడు. మొదట వచ్చింది మళ్లీ ఆ టైలరే. చేతి వైపు చూశాడు, మొహం వైపు చూశాడు, ఆగలేకపోయాడు.

"కొడుకుతో మాటలు కలిశాయటగా? అయితే మీ ఆవిడ పోయిన రోజు అసలేం జరిగిందయ్యా?"

పెద్దాయన కత్తి కిందపెట్టలేదు. మొద్దు మీద తొడ తిప్పి, కీలు ఎక్కడుందో బొటనవేలితో వెతికాడు.

"ఎముకతోనా, ఎముక లేకుండానా?" అన్నాడు.