అర్థమైందా అని అడిగినప్పుడు

పాలు పొంగేలోపల దీపం వెలిగించాలని సుభద్ర రోజూ అనుకుంటుంది. ఆ రోజూ పాలే ముందు పొంగాయి. పొయ్యి తుడిచి, చేతులు కడుక్కుని, అలమరలోని వేంకటేశ్వరస్వామి పటం ముందు వత్తి వెలిగించేసరికి ఏడుంపావు. ఎనిమిదిన్నరకల్లా ఆమె కిటాలో, అంటే పసిపిల్లల బడిలో, వంటగదిలో పసిపిల్లల కోసం క్యారెట్లు తరుగుతూ ఉండాలి. జర్మనీలోని ఈ ఆకెన్ ఊరికి వచ్చి పదకొండేళ్ళయింది. ఈ మధ్య నిద్ర లేస్తూనే అలసటగా ఉంటోంది.

"ఇంటి సంతకాలకి టెర్మిన్ దొరికింది సుభద్రా! గురువారం పదింటికి. సరిగ్గా మన ముహూర్తంలోనే." భర్త రవీంద్రనాథ్ ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

ఈ దేశంలో ఇల్లు కొనాలంటే నోటార్ ముందు కూర్చోవాలి. ఆయన ఒప్పందం మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైకి చదువుతాడు. అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ విన్న తరవాతే సంతకాలు. ఏ నోటార్ దగ్గరికి వెళ్ళాలనే విషయంలో నెల రోజులుగా ఇంట్లో మాటామాటా నడుస్తూనే ఉంది.

"ఫ్రౌ లెంజ్ దగ్గరికి వెళ్దామనుకున్నాం కదండీ? నిదానంగా చదువుతారనీ, అడిగినవన్నీ చెబుతారనీ అన్నారు."

"ఆవిడ ఇచ్చిన తేదీ ఆషాఢంలో పడింది. ఆషాఢంలో ఇల్లు రాయించుకోకూడదని పట్టుబట్టింది నువ్వా, నేనా? ఈయన మన బ్రోకరు చెప్పిన మనిషి. చకచకా తేల్చేస్తాడట."

పట్టుబట్టింది సుభద్రే. తెనాలి పంతులుగారికి ఫోన్ చేసి ముహూర్తం పెట్టించింది తనే.

స్కూలు బ్యాగు సర్దుకుంటున్న ఈషా తలెత్తింది. "అమ్మకి జర్మన్ రాదు కదా నాన్నా. డోల్మెచర్ ఉండాలి. తెలుగులో చెప్పేవాళ్ళు లేకుండా అమ్మ చేత సంతకం పెట్టించకూడదు. నేను చెప్తానన్నా ఒప్పుకోరు, సొంతవాళ్ళు పనికిరారు."

"మీ అమ్మకి జర్మన్ వచ్చని నోటార్‌కి మెయిల్ పెట్టేశాను."

"దాస్ గేట్ నిష్ట్!"

"కుదరదని నువ్వు చెప్పక్కర్లేదు. ఇప్పుడు దుబాసీని ఎక్కణ్ణుంచి తెచ్చేది? ఇంకో పార్టీ కాచుకుని ఉందని బ్రోకరు రోజూ ఫోన్." భార్య వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నువ్వేం మాట్లాడక్కర్లేదు. అర్థమైందా అని అడిగితే 'యా' అను చాలు. రోజూ కిటాలో అనడంలేదూ?"

ఆ మాట సుభద్రకి చురుక్కుమంది. నిజమే కనక మరీ గుచ్చుకుంది. కిటాలో, డాక్టరు దగ్గర, ఈషా స్కూల్లో, పదకొండేళ్ళుగా తను తల ఊపుతూనే ఉంది. మెడ నొప్పి పుట్టేంతగా ఊపింది.

గురువారం పొద్దున పటం ముందు నించుని అడిగింది. 'స్వామీ, మంచి గడియ చూసుకుని అబద్ధమాడితే, నువ్వు గడియని చూస్తావా, అబద్ధాన్ని చూస్తావా?' దీపం నిలకడగా వెలిగింది.

నోటార్ ఆఫీసులో పొడుగాటి బల్ల. అటు పక్క ఇల్లమ్ముతున్న పెద్దాయన, ఇటు పక్క వీళ్ళిద్దరూ, చివర్న బ్రోకరూ. నోటార్ కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. కుళాయి తిప్పి వదిలేసినట్టు మాటలు ధారగా పడుతున్నాయి. సుభద్రకి మధ్యమధ్యలో ఇల్లు, వంటగది, తోట అన్న మాటలు చేతికందాయి. ఆ వంటగది కిటికీ దగ్గర తులసి కుండీ ఎక్కడ పెట్టాలో ఆమె ఎప్పుడో చూసుకుంది. తోట అన్న మాట వెనకాల వాక్యాలు వాక్యాలు వెళ్ళిపోయాయి. వాటిలో ఏముందో తెలీదు. ఇరవై ఎనిమిదేళ్ళ అప్పు అందులోనే ఎక్కడో ఉంది. దాని కింద తన పేరు ఉంటుంది.

ఒక కాగితం తిప్పుతూ ఆయన ఆగాడు. ఆమె ముఖంలోకి చూశాడు. "ఫ్రౌ కొల్లిపర, అంతా అర్థమవుతోందా?"

ఆ మాత్రం జర్మన్ ఆమెకి వచ్చు. బల్ల కింద రవీంద్రనాథ్ మోకాలు ఆమె మోకాలికి తగిలింది.

"నైన్," అంది సుభద్ర. లేదు, కావడంలేదు.

నోటార్ కోప్పడలేదు. దుబాసీ లేకుండా ముందుకు వెళ్ళే వీల్లేదని చెప్పి ఫైలు మూసేశాడు. బ్రోకరు ముఖం మాడ్చుకుని లేచాడు. పెద్దాయన మాత్రం తలుపు పట్టుకుని, ఆమె బయటికి వచ్చేదాకా నించున్నాడు. "ఇహ్ వార్టే," అన్నాడు. నేను ఆగుతాను. అదీ ఆమెకి అర్థమైంది.

బస్‌స్టాప్‌లో చినుకులు. బెంచీ మీద ఇద్దరి మధ్యా ఫైలు.

"పరువు తీశావు కదా! ఒక్క మాట. ఒక్క 'యా' అనలేకపోయావా?" అన్నాడు రవీంద్రనాథ్.

"అనలేకపోయానండీ."

"ముహూర్తం, ముహూర్తం అని ప్రాణం తీశావు. తెచ్చి చేతిలో పెడితే పారేశావు. నేను ఆఫీసుకి సెలవు పెట్టి, బ్యాంకు చుట్టూ తిరిగి..."

"తప్పు నాదే. గడియ గురించి పంతులుగారిని నాలుగుసార్లు అడిగాను, కాగితంలో ఏముందని మిమ్మల్ని ఒక్కసారీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా, చెప్పండి. ఏముంది?"

"అన్నీ మామూలువే ఉంటాయి."

"ఉంటాయా, ఉన్నాయా?"

అతను బస్సు వచ్చే వైపు చూశాడు.

"ఏమండీ, ఇందాక ఆయన చదివింది మీకు అర్థమైందా?"

పక్కన గొడుగు పట్టుకున్న ఇద్దరు ఆడవాళ్ళు ఏదో చెప్పుకుని నవ్వుకుంటున్నారు. ఇక్కడ తమ తెలుగు ఎవరికీ తెలీదు. రవీంద్రనాథ్ ఫైలు మీద పడ్డ చినుకుల్ని చొక్కా చేతితో తుడిచాడు. తుడిచినచోటే మళ్ళీ తుడిచాడు.

"సగం కూడా కాలేదు సుభద్రా. ఆఫీసులో అంతా ఇంగ్లీషే కదా. మెయిల్ వస్తే మెషీన్‌లో వేసి చదువుకుంటాను. ఎదురుగా ఎవరైనా మాట్లాడితే నేనూ తల ఊపడమే. నాన్నకి వచ్చు అని అమ్మాయి అనుకుంటోంది, నువ్వూ అనుకుంటున్నావు. ఎక్కడ ఆపి చెప్పేది? అలిసిపోయాను."

సుభద్రకి కళ్ళు నిండాయి. ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఇద్దరూ విడివిడిగా మోశారు ఈ బరువు. ఆమె ఫైలు తీసి ఒళ్ళో పెట్టుకుని, అతనికి దగ్గరగా జరిగింది.

"ఫ్రౌ లెంజ్‌కి ఫోన్ చేద్దామండీ."

"ఆషాఢం మరి?"

"తెలియకుండా సంతకం పెట్టడంకన్నా ఆషాఢం నయం. స్వామికి నేను చెప్పుకుంటాలెండి. గృహప్రవేశం మాత్రం శ్రావణంలోనే!"

అతనికి నవ్వొచ్చింది, ఏడుపు మధ్యలో.

రెండు వారాల తరవాత ఫ్రౌ లెంజ్ ఒక్కొక్క పేరా చదివి ఆగింది. కొలోన్ నుంచి వచ్చిన దుబాసీ ప్రవీణగారు దాన్ని తెలుగులో చెప్పారు. నోటార్ తమ తరఫున వాదించే వకీలు కాదనీ, ఇరుపక్షాలకీ సమానమనీ వాళ్ళకి అప్పుడే తెలిసింది. రవీంద్రనాథ్ పరీక్షకి కూర్చున్న పిల్లాడిలా నోట్సు రాసుకున్నాడు. ప్రశ్నలన్నీ అతనివే. బ్యాంకు కాగితం దగ్గర మాత్రం సుభద్ర చెయ్యెత్తింది.

"ఆయనకి ఏమన్నా అయితే?"

ప్రవీణగారు అడిగి చెప్పారు. "అప్పు మొత్తానికీ మీరొక్కరే జవాబుదారీ అమ్మా. ఇప్పుడైనా సరే, బ్యాంకు ఇద్దరిలో ఎవరినైనా మొత్తం అడగొచ్చు."

రవీంద్రనాథ్ తల దించుకున్నాడు. సుభద్రకి భయం వేసింది. కానీ ఈ భయానికి ఒక పేరుంది, ఒక అంకె ఉంది. పదకొండేళ్ళ భయాలకి అవి లేవు.

"ఆయన పేరున బీమా తీసుకుందాం. ఇక మిగతాది చదవమనండి," అంది.

మధ్యాహ్నం ఒంటిగంట అయింది ముగిసేసరికి. ఫ్రౌ లెంజ్ కళ్ళజోడు తీసి, అందరికన్నా ముందు ఆమెనే అడిగింది. అంతా అర్థమైందా?

సుభద్ర తల ఊపలేదు.

"యా," అంది పైకి, కలం అందుకుంటూ.