ఎదురింటి మౌనరేఖ

పెరుగు బండి వచ్చినట్టు గుమ్మం మీది పచ్చదీపం వెలిగింది. మంగతాయారు గిన్నె పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. బండి మనిషి పెరుగు కొలిచి పోసి, తల ఊపి, పక్క ఇంటికి వెళ్ళిపోయాడు. కేక లేదు, గంట లేదు. గానుగ వీధిలో ఇప్పుడు ఏదీ అరిచి అమ్మరు.

పురపాలక సంఘం స్తంభానికొకటి చొప్పున చప్పుడు కొలిచే నాదమాపిని బిగించిన కొత్తలో జనం గొణిగారు. తర్వాత మెల్లగా మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. అలవాటు కాని ఇల్లు ఏదైనా ఉంటే పొరుగువారు గోడ మీది ఫిర్యాదు పలకను మూడుసార్లు నొక్కితే చాలు. వార్డు శబ్దాధికారి వచ్చి ఆ ఇంటి ప్రహరీ చుట్టూ, గేటు అడుగునా, వేలెడు వెడల్పున్న బూడిదరంగు పట్టీ పరిచి వెళతాడు. అదే మౌనరేఖ. లోపల పుట్టిన చప్పుడు దాన్ని దాటి రాదు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు ఎవరికీ చెప్పరు.

నాలుగు రోజుల కిందట ఎదురింటికి రేఖ వేశారు. పలక నొక్కింది మంగతాయారే.

ఎదురింటి గవర్రాజు ఆరు నెలలుగా మంచంలో ఉన్నాడు. పొద్దస్తమానం దగ్గు. మంగతాయారు భర్త గోపాలం రేవులో రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు పడుకుంటాడు. "ఆ దగ్గు నా గుండెల మీద రోకటిపోటులా ఉందే. నువ్వు నొక్కుతావా, నన్ను లేచి నొక్కమంటావా?" అన్నాడు. ఆమె నొక్కింది. ఆ సాయంత్రమే గవర్రాజు భార్య నూకరత్నం వేడి వేడి గారెలు పట్టుకొచ్చి ఇస్తే తల వంచుకుని తీసుకుంది.

గిన్నెతో వెనక్కి తిరగబోతూ మంగతాయారు ఎదురింటి వైపు చూసి ఆగిపోయింది.

నూకరత్నం అరుగు మీద కూర్చుని ఉంది. జుట్టు ముడి ఊడి భుజాల మీద పడింది. సరిగ్గా మంగతాయారు ఇంటి కేసి చెయ్యి చాచి, నోరంతా తెరిచి ఏదో అంటోంది. చప్పుడు లేదు. రెండు చేతులతో గుండెలు బాదుకుంది. మళ్ళీ ఇటే చెయ్యి చాచింది. వంగి గుప్పెడు మట్టి తీసి పైకి ఎగజల్లింది.

తెలిసిపోయిందన్నమాట. ఎవరో చెప్పేశారు. మంగతాయారు చెవులు వేడెక్కాయి. గబగబా లోపలికి వచ్చి తలుపేసింది.

"ఏంటే?" అన్నాడు గోపాలం, కళ్ళు తెరవకుండానే.

"ఎదురింటావిడ అరుగెక్కి కూచుని నాకు శాపనార్థాలు పెడతంది. దుమ్మెత్తి పోస్తంది."

"పోయనీ. వినపడట్లేదుగా." అటు తిరిగి పడుకున్నాడు.

ఆమె పప్పు పొయ్యి మీద పెట్టి కిటికీ సందులోంచి చూసింది. తాలింపు వేసి మళ్ళీ చూసింది. నూకరత్నం లేవలేదు. అదే చెయ్యి, అదే నోరు. రెండిళ్ళ అవతల వరండాలో నిలబడి ఒకావిడ కాసేపు చూసి లోపలికి పోయింది. పన్నెండు దాటాక మంగతాయారు ఇక ఉండలేకపోయింది. ఏమని తిడుతోందో తెలియకపోతే అన్నం దిగేలా లేదు. వార్డు కార్యాలయానికి ఫోన్ చేసింది.

"రేఖ లోపలి చప్పుళ్ళు మీ దగ్గర నమోదవుతాయంట కదా బాబూ? ఎదురింటావిడ నన్ను పేరెట్టి తిడతంది. కేసు పెట్టాలి."

"ఉండండమ్మా, చూసి చెబుతాను." శబ్దాధికారిది కుర్ర గొంతు, మర్యాదైన గొంతు. "తిట్లేం లేవండి. మంటలు, దొంగలు, కొట్లాట, కాపాడమన్న కేక, ఈ నాలుగింటిలో ఏది వినపడినా రేఖ దానంతటదే తెరుచుకుంటుంది. అవీ లేవు. సంగీతం అని ఉంది."

"సంగీతవేంటి?"

"పొద్దున్న ఆరుంబావు నించీనండి. ఆడగొంతు. ఒకటే రాగం, ఎత్తుతూ దించుతూ. మధ్యలో పేర్లొస్తున్నాయి. మీ పేరూ ఉందండోయ్, మంగతాయారొదినో అని. దగ్గు మాత్రం ఇవాళ ఒక్కసారి కూడా నమోదు కాలేదు. హాయేగా మీకు?"

మంగతాయారు చేతిలో గరిటె గట్టు మీద పెట్టింది.

చిన్నప్పుడు తాతయ్య పోయిన రోజున నాయనమ్మ ఇలాగే అరుగెక్కి కూర్చుంది. రాగం తీసి, ఒక్కొక్కరి పేరూ ఎత్తి ఏడిచింది. పెళ్ళికైతే బొట్టుపెట్టి పిలుస్తారు. చావుకి పిలుపుండదు, ఏడుపు విని రావలసిందే. ఆ రోజు అది విని వీధివాళ్ళంతా పొయ్యిలార్పి వచ్చారు. ఇప్పుడు అందరూ ఆసుపత్రుల్లోనే పోతున్నారు, అటు నించి అటే తీసుకుపోతున్నారు. అటువంటి ఏడుపు ఒకటుండేదని ఆమే మరిచిపోయింది. శవాన్ని ఒంటరిగా వదిలి రాకూడదు. మొగుడు పోయిన మనిషి పరాయి గడప తొక్కకూడదు. నూకరత్నం ఎలా వస్తుంది?

"ఆ రేఖ తీసెయ్యి బాబూ. ఇప్పుడే తీసెయ్యి."

"ఫిర్యాదు వెనక్కి తీసుకున్నా ఇరవయ్యొక్క రోజులు ఉంచాలండి. రేఖ పడినవాళ్ళు బెదిరించి ఫిర్యాదు మానిపించకుండా అలా..."

ఆమె ఫోన్ అక్కడే వదిలేసి చెప్పులు లేకుండా వీధి దాటింది. గేటు తోసి పట్టీ మీదుగా కాలు లోపల పెట్టింది.

ఏడుపు ఒక్కసారిగా మీద పడింది. బొంగురుపోయి, చీలిపోయిన గొంతు. "ఓ మంగతాయారొదినో, నీ తమ్ముడెల్లిపోయాడే..." ఇన్నేళ్ళలో అంత పెద్ద చప్పుడు మంగతాయారు వినలేదు. తెలియకుండానే ఆమె రెండు చేతులూ చెవుల మీదికి పోయాయి.

నూకరత్నం అది చూసింది. టక్కున ఆపేసింది.

"గట్టిగా ఏడిచానా వదినా?" అంది. "ఈ రేఖ దగ్గొక్కటే ఆపుద్దని అదేసినబ్బాయి చెప్పాడు. పొద్దుట్నించీ ఏడుత్తున్నా ఒక్కరూ రాలేదు. ఈది ఈదంతా ఇసుక్కుంటన్నారేమో అనుకున్నాను."

"లేదు రత్నం, లేదు." మంగతాయారు చేతులు దించి ఆమె పక్కన కూలబడింది. లోపల మంచం మీద గవర్రాజు కాళ్ళు కనబడుతున్నాయి. బొటనవేళ్ళు కలిపి గుడ్డపేలికతో కట్టి ఉన్నాయి. ఆ పనీ ఆవిడే ఒక్కతీ చేసుకుంది. "ఏడువమ్మా. నీ ఇష్టం వచ్చినంత ఏడువు."

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. పైట చెంగు ఉండచుట్టి నోటికి అదుముకుని, కాసేపటికి తీసి వీధి కేసి చూసింది.

"వద్దొదినా," అంది గుసగుసగా. "నేను ఊరుకుంటే ఎవరన్నా వత్తారేమో."