తిరగేసిన ముడి

మిట్టమధ్యాహ్నం... సరిగ్గా పన్నెండు గంటలు!

క్షుద్రశక్తులకు అర్ధరాత్రే అచ్చివస్తుందని ఎవరన్నారో గానీ, ఆ పెద్దమనిషికి ఈ ఘడియ సంగతి తెలిసి ఉండదు. మనిషి నీడ సైతం భయపడి కాళ్ల కింద దాక్కునే ఘోరమైన వేళ ఇది. నడినెత్తిన నిప్పులు చెరగవలసిన సూర్యుణ్ణి ఆనాడు కాటుకలాంటి మేఘాలు మింగేశాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఉరిమింది... సైకిళ్లు బాగుచేసే షాపు రేకుల మీద ఎక్కడి నుంచో ఒక గుడ్లగూబ వచ్చి వాలి, పట్టపగలన్న జ్ఞానం కూడా లేకుండా కూయడం మొదలుపెట్టింది.

ఆ షాపు పైన మేడగదిలో తల్లీ కూతుళ్లు వీడియో తీసుకుంటున్నారు.

తల్లిది దారాల అల్లిక పని. కర్టెన్లకు కుచ్చులు, సంచులకు పట్టీలు, గోడకు తగిలించే అలంకారాలు... ఆవిడ చేతుల్లో పడితే మామూలు నూలుదారం కూడా ఒయ్యారాలు పోయేది. ఆవిడది ఎడమచేతి వాటం. ఎడమ మణికట్టు మీద, ఎప్పుడో ఇస్త్రీపెట్టె అంటుకున్న మచ్చ ఒకటి ఉంది. కూతురు పొద్దుటి పూట జిరాక్స్ షాపులో పనిచేసి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, అమ్మ చేతులను నలభై సెకన్ల వీడియోలుగా తీసి ఫోన్లో పెట్టేది. ముఖం ఉండదు, మాటలు ఉండవు. చేతులూ, దారమూ, అంతే. అయినా జనం కళ్లప్పగించి చూసేవారు.

ఉన్నట్టుండి తల్లి చేతిలోంచి దారం జారిపోయింది. ఎడమచేతి చూపుడువేలు కట్టెలా బిగుసుకుంది. కళ్లు తేలవేసి, తల వెనక్కి వాల్చి, ఆవిడ నోరు తెరిచింది. అందులోంచి వచ్చింది ఆవిడ గొంతు కాదు... బొంగురుపోయిన ముసలి మగగొంతు!

"నాది... నాది..."

 ఆ గొంతు వినడం కూతురికి ఇది తొమ్మిదోసారి. వెంటనే ఫోను చూసింది. అనుకున్నంతా అయింది. ఆ క్షణానే, మూడు రోజుల కిందట తాము పెట్టిన వీడియో మరొకరి ఖాతాలో ప్రత్యక్షమైంది. కింద ఎప్పటి మాటే: 'ఇది నా చేతులారా చేసింది.'

ఆ ఖాతా పేరు సిద్ధహస్తుడు. లక్షలమంది ఫాలోవర్లు. ముఖం ఎవరూ చూడలేదు.

నకళ్లు తీసి బతికే పిల్ల ఇంట్లోనే నకలు దొంగ పడ్డాడని జిరాక్స్ షాపులో తోటివాళ్లు మొదట్లో నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వీడియో మూలన తమ పేరు వేసింది. వాడు ఆ మూల కత్తిరించేశాడు. పేరును నట్టనడుమ వేసింది. దాన్ని మసక చేసేశాడు. అసలు వీడియోలు, తీసిన తేదీలు, తప్పు వచ్చి పక్కన పెట్టిన ముక్కలతో సహా ఆ వీడియోల కంపెనీకి పంపి, పది రోజులు కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసింది. రెండు వీడియోలకూ పోలిక కనబడలేదని యంత్రం జవాబిచ్చింది. ఎందుకు కనబడలేదో అప్పుడు నిదానంగా చూసింది. దొంగ వీడియోలో అమ్మ కుడిచేత్తో అల్లుతోంది. మచ్చ కుడి మణికట్టు మీద ఉంది. వాడు ప్రతి వీడియోనూ అద్దంలో బొమ్మలా ఎడమను కుడికి తిరగేసి పెడుతున్నాడు, యంత్రం పోల్చుకోకుండా.

అంతవరకైతే మామూలు దొంగతనమే. కానీ ఒక్కో వీడియో పోయినప్పుడల్లా అమ్మకు ఒక్కో వేలు చచ్చుబడుతోంది. డాక్టరు నరాల బలహీనత అని మాత్రలు రాశాడు. నరాలకు వీడియో ఎప్పుడు పోయిందో ఎలా తెలుస్తుందని అడిగితే, ఆయన ఆమెను ఎగాదిగా చూసి ఇంకో మాత్ర రాశాడు. మిగిలిన వేళ్లతోనే ఆవిడ అల్లుతూ వచ్చింది. ఇప్పటికి తొమ్మిది వేళ్లు పోయాయి. మిగిలింది ఎడమ బొటనవేలు ఒక్కటే.

ఆమె ఇక ఆగలేకపోయింది. మీతో మాట్లాడాలని ఆ ఖాతాకు సందేశం పెట్టింది. నిమిషంలో జవాబు వచ్చింది... చిరునామాతో సహా!

జోరువానలో తడిసి ముద్దయి, ఆమె ఆ పాతబడ్డ ఫొటో స్టూడియో మెట్లెక్కింది. లోపల అడుగుపెట్టింది. గోడ పొడవునా ముప్పై ఫోన్లు. ప్రతి ఫోన్లోనూ ఎవరివో చేతులు... మట్టికుండ మలుస్తున్న చేతులు, కొయ్య చెక్కుతున్న చేతులు, పిండి పిసుకుతున్న చేతులు. అన్నీ తిరగేసినవే! గది నడుమ గుండ్రటి లైటు వెలుగుతోంది. మనుషులు ముఖం పెట్టి మాట్లాడే ఆ చోట, నల్లదారంతో బంధించిన కపాలం ఒకటి పళ్లికిలించి చూస్తోంది. ఆ దారానికి ఎనిమిది ముళ్లు, ఎనిమిది దిక్కులకు.

కపాలం వెనక వాడు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ నలగని చొక్కా, చల్లటి చిరునవ్వు. అన్నిటికన్నా ఆమెకు భయం వేసింది వాడి చేతులు చూసి. మెత్తగా, తెల్లగా, పుట్టి ఒక్క పని ఎరగని చేతులు.

ఆమె తన కోపమంతా దిగమింగుకుని బతిమాలింది. మా పేరు పెట్టకపోయినా ఫరవాలేదు, ఆ వీడియోలు తీసేస్తే చాలు, మా అమ్మ చేతులు పోతున్నాయి అని చెప్పింది.

"తెలుసు. తొమ్మిదయ్యాయి," అన్నాడు వాడు. "రేపు మధ్యాహ్నం పన్నెండింటికి లైవ్‌లో పదోది. దాంతో మీ అమ్మ ప్రాణం పోతుంది, ఆవిడ విద్య నా చేతుల్లోకి వస్తుంది. కొత్త వీడియో పెడితే కొత్తది తీసుకుంటా. జనానికి కొత్తదైతేనే సరదా. పెట్టకపోతే పాతవి చాలానే దాచుకున్నా."

"చేసింది మా అమ్మ. అది నీదెలా అవుతుంది?"

"ఎవరు చేస్తే ఏంటి తల్లీ? నేను చేశానని చాటి చెప్పినవాడిదే పని. ఈ విద్యకి సాక్ష్యాలు అక్కర్లేదు, చాటింపు చాలు." వాడు కపాలాన్ని ముద్దుగా నిమిరాడు. "ఈయన మా గురువు. ఈ ముళ్ల విద్య ఈయనదే. నాదని చాటాను, నాదైపోయింది. ఈయన నేర్పుతోనే ఈయన్ని కట్టేశా. ఈ ముళ్లున్నంతకాలం ఈయన నా బానిస."

కపాలపు కంటి గుంటల్లో ఏదో మెరిసి ఆరిపోయింది... ఆమె మెట్లు దిగి పరుగు లాంటి నడకతో ఇల్లు చేరింది.

మంచం మీద తల్లి మేలుకునే ఉంది. కూతురు ఏడుస్తూ అంతా చెప్పింది. తల్లి చావు మాటకు బెదరలేదు గానీ, ముళ్ల మాటకు లేచి కూర్చుంది. అవి ఎటు తిప్పి వేసి ఉన్నాయని అడిగింది. కుడివైపుకు అని కూతురు గుర్తు చేసుకుని చెప్పింది.

"అష్టదిక్కుల కట్టు అది," అంది తల్లి. "మా అమ్మకి తెలుసు. నాకూ నేర్పింది, ఎవరికీ చూపించొద్దంది. కుడికి తిప్పుతూ వేస్తే కట్టు పడుతుంది. ఎడమకి తిప్పుతూ వేస్తే, వేసినవాడు అంతకుముందు కట్టిన కట్లన్నీ ఊడిపోతాయి."

కూతురు ఏడుపు ఆపింది. 

"అమ్మా, వాడు ప్రతి వీడియో తిరగేసి, తానే చేశానని చాటుతాడు," అంది.

తల్లి ఆమె వంక చూసింది. ఆ చూపులో జబ్బు మనిషి లేదు. "దారం తీసుకురా," అంది.

దీపాలు పెట్టే వేళకు వాళ్లు పనికి కూర్చున్నారు. తల్లి మిగిలిన ఒక్క బొటనవేలితో దారాన్ని పీట మీద అదిమి పట్టింది. కూతురు తన చేతులతో, తల్లి చెప్పినట్టల్లా, కుడికి తిప్పుతూ ముడి వేసింది. నాలుగో ముడి దగ్గర తప్పింది. మొదటి నుంచి వేయమంది తల్లి. మళ్లీ తప్పింది. చిన్నప్పుడు జడ వేయించుకునేటప్పుడు కుదురుగా కూర్చున్నదానివా, ఇప్పుడు కుదురు వస్తుందా అని తల్లి విసుక్కుంది. చావు గడప దగ్గర కూర్చుని కూడా ఇద్దరూ నవ్వుకున్నారు. ఆరోసారికి ఎనిమిది ముళ్లూ పూవులా విచ్చుకున్నాయి.

ఆ వీడియో మీద ఆమె మొట్టమొదటిసారి తమ పేరు వేయలేదు. మూలనా వేయలేదు, నడుమా వేయలేదు. 'ఇంతవరకు ఎవరూ చూపించని ముడి' అని మాత్రం రాసింది. పెట్టే ముందు వేలు ఆగిపోయింది. వాడు ఒక్కసారి నిదానించి చూస్తే? తిరగేయకుండా పెడితే? అమ్మ ఇక దక్కదు.

"పెట్టెయ్," అంది తల్లి. "దొంగ సొత్తుని ఎవడూ పరకాయించి చూడడు."

మర్నాడు మిట్టమధ్యాహ్నం... మళ్లీ అదే చీకటి, అదే ఉరుము, రేకుల మీద అదే గుడ్లగూబ!

లైవ్ మొదలైంది. లక్షల కళ్లు చూస్తున్నాయి. నల్లబట్టలు కట్టిన సిద్ధహస్తుడు కపాలం ముందు నిలిచి, కర్ణకఠోరమైన బీజాక్షరాలు జపిస్తూ గాలిలో చేతులు తిప్పాడు. వెనక గోడ మీద వీడియో వెలిగింది. కూతురు ఊపిరి బిగబట్టి చూసింది. అమ్మ మణికట్టు మచ్చ... కుడివైపు ఉంది. తిరగేశాడు! దారం ఎడమకు తిరుగుతోంది!

"ఇది నా చేతులారా వేసిన కట్టు!" అని వాడు లోకానికి చాటాడు.

కూతురి గుప్పిట్లో తల్లి బొటనవేలు మంచుముక్కయింది. తల్లి ఎగశ్వాస తీసింది... శ్వాస ఆగింది. 

అదే క్షణాన, ఫోన్లో, కపాలం మీది మొదటి ముడి ఫట్‌మని తెగింది.

రెండు... మూడు... నాలుగు! చూసేవాళ్లు ఇదేదో గొప్ప గారడీ అనుకుని హృదయాల బొమ్మలు కుమ్మరిస్తున్నారు. వాడు గిర్రున తిరిగి చూశాడు. చిరునవ్వు చెరిగిపోయింది. వీడియో ఆపబోయాడు, ఆగలేదు. ముప్పై ఫోన్లూ అదే వీడియోను ఆడిస్తున్నాయి. ఐదోది తెగింది. వాడు నల్లదారం అందుకుని మళ్లీ ముడి వేయబోయాడు... కానీ గురువు కట్టు ఊడుతున్న కొద్దీ గురువు నేర్పు వాడి వేళ్లలోంచి జారిపోతోంది. ఆ తెల్లటి చేతులకు సొంతంగా ఒక్క ముడి వేయడం కూడా రాదు. పసిపిల్లాడిలా దారాన్ని చిక్కు చేసుకుంటూ, వాడు లక్షలమంది ఎదుట వెక్కివెక్కి ఏడ్చాడు. ఎనిమిదోది తెగింది.

దిగంతాలు దద్దరిల్లేలా పిడుగు పడింది! కపాలం కంటి గుంటల్లో రెండు నీలిమంటలు భగ్గుమన్నాయి. దాని నోటి నుంచి బొంగురుపోయిన ముసలి గొంతు వెలువడింది.

"నాది... నాకు ఇచ్చెయ్."

కూతురు గుర్తుపట్టింది. అమ్మ నోట తొమ్మిదిసార్లు విన్న గొంతు ఇదే. అది దొంగ గొంతు కాదు. ఆ దొంగ చేతిలో మొట్టమొదట దోపిడీకి గురైన మనిషి మొర.

వాడు వికృతంగా అరిచాడు. వాడి చేతులు మణికట్ల దగ్గర మెలితిరిగాయి... కుడిచేయి ఉన్నచోట ఎడమచేయి, ఎడమచేయి ఉన్నచోట కుడిచేయి! బొటనవేళ్లు రెండూ బయటికి తిరిగి విలవిల్లాడాయి. వాడు ఎన్ని వీడియోలను తిరగేశాడో అన్నిసార్లూ అవి అటూ ఇటూ తిరిగాయి. ఆ తర్వాత వేళ్లు ఒక్కటొక్కటే కొసల నుంచి బూడిదై రాలాయి. పదో వేలు రాలాక మనిషి రాలాడు. గుండ్రటి లైటు కింద గుప్పెడు బూడిద మిగిలింది. కపాలంలో మంటలు నెమ్మదిగా, తృప్తిగా ఆరిపోయాయి.

గుప్పిట్లో ఏదో వెచ్చగా కదిలింది. తల్లి ఊపిరి తీసింది. బొటనవేలు, చూపుడువేలు, ఆ పక్కది... పది వేళ్లూ వరసగా మేలుకున్నాయి. కూతురు ఆ చేతుల్లో ముఖం పెట్టుకుని బావురుమంది.

సాయంత్రానికి సిద్ధహస్తుడి ఖాతాయే లేదు. ఆ లైవ్‌ను దాచుకున్నవాళ్లందరికీ నల్లటి తెర మిగిలింది. ఎవరో కుండలు చేసే ఆవిడ సందేశం పెట్టింది: ఏడాదిగా ఒక్కొక్కటే చచ్చుబడుతున్న తన వేళ్లు ఈ మధ్యాహ్నం కదిలాయట, ఆఖరున వాడు చూపించినవి మీ చేతులేనని గుర్తుపట్టానని రాసింది. కంపెనీ నుంచి కూడా జవాబు వచ్చింది. మీ తొమ్మిదో ఫిర్యాదును క్షుణ్ణంగా పరిశీలించాం, రెండు వీడియోలకూ ఏ పోలికా లేదు అని.

లైవ్ వీడియో ఒక్క ఆమె ఫోన్లోనే చెక్కుచెదరకుండా మిగిలింది. ఎందుకో ఆమెకు అర్థమైంది: అందులో ముడి వేసిన చేతులు తనవి.

"ఆ పాడు బొమ్మ నీ ఫోన్లో ఎందుకే, తీసెయ్," అంది తల్లి, కొత్త దారం కొస వెతుక్కుంటూ.

ఒక్కసారి చూసి తీసేస్తానంది కూతురు. కిటికీ దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చూసింది. వాడు ఏడ్చిన చోట ఆపి, మళ్లీ చూసింది. జాలి కలుగుతుందేమోనని వెతుక్కుంది. కలగలేదు. వాడు ఈ భూమ్మీద సొంతంగా చేసిన పనంటూ ఏదైనా ఉంటే, ఆ ఏడుపు ఒక్కటే. దానికి నకలు లేదు.

ఆమె దాన్ని చెరిపేసింది.