నీలవేణి అడిగిన ఐసు

1998 ఆగస్టు. ఒరిస్సాలోని రాయగడలో నాలుగు రోజులుగా ముసురు. ఆ మధ్యాహ్నం తడిసిన చుడీదారుతో ఒకమ్మాయి సోమేశ్వరరావు గారి ఐసు ఫ్యాక్టరీ మెట్లెక్కింది. చేతిలో థర్మాకోల్ పెట్టె ఉంది. బల్ల వెనక ఆయన ఒక్కగానొక్క కొడుకు సాయిరాం కూర్చుని ఉన్నాడు.

రెండు కేజీల ఐసు, పొడి చేసి కావాలంది.

“సేపలకేటమ్మి?” అన్నాడు సాయిరాం, పెట్టె మూత మీద చెయ్యి వేస్తూ.

“కాదండి. మలం.”

చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. అవి బంధుగాం చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై మంది దగ్గర తీసుకున్న శాంపిల్సని, బస్సు మూడు గంటలు ఆలస్యమై వెంట తెచ్చుకున్న ఐసంతా కరిగిపోయిందని, ఇప్పుడు చల్లబరచకపోతే రెండు నెలల కష్టం పాడవుతుందని ఆమె చెప్పింది. జనం తాగే సోడాల్లో వేసే ఐసు ఉన్నచోట అలాంటిది పెట్టనివ్వనన్నాడు అతను. ఆమె వాదించలేదు. కిందికి దిగి పెట్టెను మెట్టు మీద పెట్టి, దానికి గొడుగు పట్టి, తను వానలో నిలబడింది.

ఆ దృశ్యాన్ని సాయిరాం రెండు నిమిషాల కన్నా ఎక్కువ చూడలేకపోయాడు. ఐసు తనే కొట్టి తెచ్చాడు. పెట్టెకి గొడుగు పట్టి మనిషి తడవడమేమిటని అడిగితే, తనకి జలుబు చేస్తే తగ్గుతుందని, అది పాడైతే మళ్ళీ దొరకదని అంది. అని నవ్వింది. సాయిరాం తూకం మర్చిపోయాడు.

ఆమె పేరు నీలవేణి. మునిసిపాలిటీలో పనిచేసే సింహాచలం కూతురు. బరంపురంలో ఎమ్మెస్సీ అయ్యాక భువనేశ్వర్‌లో పీహెచ్‌డీ చేస్తోంది. మనిషి పేగుల్లో కోట్లకొద్దీ సూక్ష్మజీవులు కాపురముంటాయట. కొండల్లో రాగులతో కాచిన చోడంబలి తాగేవాళ్ళ కడుపులోవి వేరు, పట్నంలో ఉండేవాళ్ళ కడుపులోవి వేరట. వాటి డీఎన్ఏ చదవడం నేర్చుకుంటే ఎవరికి ఏ జబ్బు ఎందుకొస్తుందో చెప్పొచ్చని ఆమె నమ్మకం.

మరుసటి నెల నుంచి ఐసు, వ్యానూ, డ్రైవరూ అన్నీ సాయిరామే. బంధుగాం వెళ్ళారు, కుందుర వెళ్ళారు. గుడిసె గుడిసెకీ తిరిగి మూత డబ్బీలు పంచి, మర్నాడు తీసుకునే ఆ పిల్లని అక్కడి జనం ‘డబ్బీ దీదీ’ అనేవారు. అతన్ని డబ్బీ దీదీ డ్రైవరనేవారు. ఆ మాటకి కోపం రావాల్సింది పోయి సంతోషం ఎందుకొస్తోందో అతనికి కొంతకాలం అర్థం కాలేదు.

ఒకరోజు కుందుర నుంచి తిరిగి వస్తుంటే వాన ముంచెత్తింది. రోడ్డు కనబడక వ్యాన్ ఆపేశాడు. నీలవేణి మొహమాటపడుతూ ఒక ఖాళీ డబ్బీ అతని చేతిలో పెట్టింది. పట్నంలో ఉండే ఆరోగ్యవంతులవి కూడా కావాలట.

“అందరూ ప్రేమించిన పిల్లకి పూలిస్తారు,” అన్నాడు సాయిరాం. “నా రాత సూడు.”

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. నీలవేణి అద్దం మీద జారుతున్న వాన వైపు తిరిగింది.

“పూలు నాను ఏటి సేసుకుంటాను?” అంది. “నువ్వు డబ్బీయే తీసుకురా.”

అప్పటిదాకా ఆమె అతన్ని మీరనే పిలిచేది.

రెండేళ్ళు అలా గడిచాయి. 2000లో హైదరాబాద్‌లో ఒక పెద్ద ల్యాబ్ ఆమెని రమ్మంది. ఒక సూక్ష్మజీవి జీనోమ్‌ని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివే పని. సాయిరాం ఇంట్లో పెళ్ళి మాట ఎత్తాడు. తల్లి రాజ్యం పిల్ల బాగుంటే చాలంది. తండ్రి వారం రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒక్క షరతు పెట్టాడు. తన కోడలు ఊళ్ళమ్మట తిరిగి పెంటలు ఏరకూడదు, ఆ చదువు అక్కడితో ఆపెయ్యాలి.

ఆ మాత్రం ఒప్పుకోవడమే గొప్ప అనుకున్నాడు సాయిరాం. స్టేషన్‌లో ఆమెని రైలెక్కించడానికి వెళ్ళినప్పుడు ఉత్సాహంగా చెప్పేశాడు.

నీలవేణి సంచీ కింద పెట్టింది. “మీ నాన్న అలగడిగితే నాకు కోపం నేదు సాయీ. ఆయన నన్నెరగరు. నువ్వు రెండేళ్ళు నాతో తిరిగేవు. నువ్వెలగ అడిగేవు?”

రైలు వచ్చింది, వెళ్ళిపోయింది. తర్వాత రాసిన ఉత్తరంలో క్షమించమన్నాడు. ఆమె క్షమించానని రాసింది. వస్తానని మాత్రం రాయలేదు.

ఆమె హైదరాబాద్‌లో ఐదేళ్ళు పనిచేసింది. కొండ ఊళ్ళ మనుషుల పేగుల్లోని జీవుల మీద పేపర్లు రాసి పేరు తెచ్చుకుంది. భువనేశ్వర్‌కి సైంటిస్టుగా తిరిగి వచ్చింది. పెళ్ళి చేసుకోలేదు. సాయిరాం రెండు సంబంధాలు వద్దన్నాడు. తండ్రి పోయాక ఫ్యాక్టరీ తనే చూసుకుంటున్నాడు. బజార్లో సింహాచలం ఎదురైతే అమ్మాయి ఎలా ఉందని అడిగేవాడు. బాగుందనేవాడు ఆయన. అంతకుమించి ఇద్దరూ మాట్లాడుకునేవారు కారు.

2007 జూన్‌లో, ఎండలు ఇంకా తగ్గకుండానే తొలి వానలు పడ్డాయి. ఊళ్ళో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. వారంలో ముగ్గురు పోయారు. రిక్షా తొక్కే లక్ష్మణ కూతురు. కూరలమ్మే అప్పమ్మ కోడలు పుణ్యవతి. మూడో మనిషి సాయిరాం తల్లి రాజ్యం.

తల్లి పోయిన ఐదో రోజున నీలవేణి వచ్చింది. రోగం ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టడానికి భువనేశ్వర్ నుంచి ఆమెనే పంపారు. రాజ్యం ఫోటో ముందు కాసేపు నిలబడింది. ఆమె జుట్టులో అక్కడక్కడా తెలుపు కనిపించింది సాయిరాంకి.

“నాకు ఐసు కావాలి సాయీ,” అంది. “మీ బావి నీళ్ళు కూడా.”

ఎందుకని అతను అడగలేదు. ఐసు తనే కొట్టాడు, సీసాలో నీళ్ళు తనే తోడి ఇచ్చాడు.

పన్నెండు రోజుల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. పరీక్షల ఫలితం రాసిన కాగితం పోస్టులో పంపవచ్చు. పంపలేదు. అరుగు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పింది. రోగుల్లో దొరికిన క్రిమి, ఐసులో దొరికిన క్రిమి, రెండింటి డీఎన్ఏ ఒక్కటే. ఫ్యాక్టరీ బావి గోడ లోపల ఎక్కడో పగిలింది. పక్క కాలవలో మురుగు అందులోకి దిగుతోంది.

“ఇంకోలాగ అయ్యే ఈలు నేదా?”

“నేదు. మా పనిలో మూడుసార్లు సూడాల. నాలుగోసారి నీ కోసం సూసేను.”

సాయిరాం చేతులు చూసుకున్నాడు. “అమ్మకి మజ్జిగలో ఐసు నానే ఏసి ఇచ్చేవోణ్ణి,” అన్నాడు.

నీలవేణి దగ్గరికి జరిగి అతని భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

ఆ పూటే ఫ్యాక్టరీ మూసేశాడు. ప్రభుత్వ నోటీసు అతనికి, ఆఫీసుకి మాత్రమే వెళ్తుందని, ఊళ్ళో ఇంకెవరికీ తెలియదని ఆమె చెప్పింది, ఆ సంగతి అతనికి తెలియాలి కాబట్టి. మనుషులు పోయిన ఆ రెండిళ్ళకీ తనే వెళ్ళి చెబుతానన్నాడు సాయిరాం. వద్దనలేదామె. చెప్పులు వేసుకుని వెంట నడిచింది.

లక్ష్మణ అంతా విన్నాడు. తలుపు వేసుకున్నాడు. ఆ మూసిన తలుపు ముందు సాయిరాం ఎంతసేపటికీ కదలకపోతే, నీలవేణి చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకొచ్చింది.

అప్పమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. వింటూ వింటూ చెయ్యి ఆపేసింది.

“ఇప్పుడు సెప్పితే నా కోడలు తిరిగొస్తాదేటి?”

రాదన్నాడు సాయిరాం.

“మరెందుకొచ్చేవు?”

“నా ఐసు వల్ల పోనాదని మీకు తెలియాల. ఇంకెవులో సెప్పితే ఇనడం కాదు, నానే సెప్పాల.”

ముసలామె చూపు అతని పక్కకి మళ్ళింది. “ఈయమ్మెవులు?”

సాయిరాం నోరు తెరిచాడు. సైంటిస్టు అనవచ్చు, సింహాచలం కూతురనవచ్చు.

“నాను ఈయన మనిషినమ్మా,” అంది నీలవేణి.

అప్పమ్మ కూర్చోమనలేదు. వెళ్ళమనీ అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఆ ఏడుపు ఆగేదాకా వాళ్ళిద్దరూ అక్కడే, ఆమె కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నారు.