కదలని కారుకు నిప్పు

ఆదివారం ఉదయం ఏడు గంటలు. చీపురుపల్లి దారిలో ఓ పల్లె చర్చి. లోపల పాట సాగుతూ ఉండగానే, వెనక రోడ్డు మీద ఆగిన రికవరీ ట్రక్కుపై కారు తగలబడింది.

ఎస్సై సుహాసిని వచ్చేసరికి ఇనుప చట్రమే మిగిలింది.

"ట్రక్కు ఎవరిది?"

"నాదేనండి, స్టాన్లీ." డ్రైవర్ చేతిలో ఇంకా బైబిల్ ఉంది. "కారు స్టార్టవదు. నిన్న సాయంత్రం గజపతినగరంలో ఎక్కించాను. ప్రార్థనయ్యాక దింపేద్దామనుకున్నాను."

"చుట్ట గానీ కాల్చావా?"

"నాను ముట్టనండి. పాస్టరుగారిని అడగండి."

కారు కొన్న తాయారు కాలిన ఇనుమునే చూస్తోంది. కంట తడి లేదు. సుహాసిని ఆమె దగ్గరికి నడిచింది.

"నడవని కారు ఎందుకు కొన్నారమ్మా?"

"మూడేళ్ల కిందట మా ఆయన్ని ఓ తెల్లకారు గుద్దీసి పోనాది. ముందు మూల పగిలిన కారు కోసం షెడ్డు షెడ్డూ తిరిగాను. ఈ ధనరాజ్ కొట్టంలో దొరికినాది. కంప్లైంటిస్తే మాయం సేసేస్తాడని కొనీసి, మీ కాడికే తెస్తన్నాను."

కారు అమ్మిన ధనరాజ్, కబురు విని వచ్చానంటూ, స్కూటర్‌కి ఆనుకుని నవ్వాడు. "ఏటి మేడమ్ ఈ కథలు! ఎవడో బీడీ పారేసుంటాడు."

సుహాసిని కర్రతో బూడిద కెలికింది. సీటు స్ప్రింగులు. గాజు పెంకులు. మళ్లీ కెలికింది.

"స్టాన్లీ, ఎక్కించే ముందు ఫోటోలు తీశావా?"

"తియ్యకపోతే ప్రతి గీతా మా మీదే ఏస్తారండి." ఫోన్ ఇచ్చాడు.

డ్యాష్‌బోర్డు మీద ఇత్తడి తాబేలు. శ్రీకూర్మం దేవుడు.

"నిన్న ఈ ధనరాజ్ దాన్ని పీకబోతే నానే వద్దన్నాను," అంది తాయారు. "మా ఆయన్ని గుద్దీసింది సూసినోడు ఆ దేవుడొక్కడే, ఉండనీ అన్నాను. అప్పుడే నన్ను పోల్చుకున్నాడు."

సుహాసిని కర్ర పారేసింది.

"ఇత్తడి బూడిదవదు. కరిగినా ముద్దయినా దొరకాలి. లేదు. అంటే నిప్పు పెట్టినవాడు ముందు దేవుణ్ని దింపుకున్నాడు. స్టాన్లీకి ఆ భయం లేదు. ధనరాజ్, స్కూటర్ తాళం!"

డిక్కీలో పెట్రోలు వాసన కొట్టే తువ్వాలు. తువ్వాల్లో తాబేలు.

"దేవుణ్నెలా కాల్చమంటారు మేడమ్?" ధనరాజ్ నోట మాట జారిపోయింది.

"మనిషిని మాత్రం రోడ్డు మీద వదిలేశావు."

"బంపర్ కాలలేదండి," అన్నాడు స్టాన్లీ మెల్లగా. "గొలుసుకి అడ్డమొస్తే విప్పీసి కేబిన్లో ఎట్టాను."

తాయారు కొంగుముడి విప్పింది. ఆనాడు రోడ్డు మీద ఏరుకున్న తెల్ల ప్లాస్టిక్ ముక్క. బంపర్ విరిగిన చోట పెట్టింది. అతికినట్టు సరిపోయింది.

ధనరాజ్ కూలబడ్డాడు. "అక్కా... గొంతెండిపోతన్నాది. కాసిన్ని నీళ్లు..."

మంటలార్పిన జనం వదిలేసిన బిందె తాయారు పక్కనే ఉంది. ఆమె చెంబుతో ముంచింది.

"మా ఆయన తెల్లారేదాకా బతికే ఉన్నాడట. ఆయనా అడిగుంటాడు."

సుహాసిని అడ్డు చెప్పలేదు. తాయారు అతని కళ్లలోకి చూస్తూ, గుటక గుటకగా, చెంబెడు నీళ్లూ తనే తాగేసింది.